నా పేరున పడ్డ నిమిషాలు

గంగామణికి దేన్నయినా ఇరవై అయిదు వరకే లెక్కపెట్టే అలవాటు. ఉతికిన దుప్పట్లు మడిచినా, భోజనాల హాల్లో గ్లాసులు సర్దినా, ఇరవై అయిదు దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్ళీ ఒకటి నుంచి మొదలయ్యేది. బీడీల కట్టకు ఇరవై అయిదు. పదకొండో ఏట చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి నలభై ఎనిమిదో ఏట లేచింది. మా వృద్ధుల హోములో ఉన్నది ఇరవై ఇద్దరమే కాబట్టి గ్లాసులు ఎప్పుడూ మూడు తక్కువ. "ఇయ్యాల గూడ కట్ట కాలే మేడం," అనేది నాతో.

ఆమె కుడిచేతి బొటనవేలి గోరు మందంగా, కొస వంగి, పసుపు రంగుకు తిరిగి ఉంటుంది. చుట్టిన తునికాకు మూతిని ఆ గోటితోనే మడిచి లోపలికి నొక్కేదట. పని బాగా ఉన్న రోజుల్లో రోజుకు వెయ్యి మూతులు. తర్వాత కార్ఖానా వాళ్ళు నెలకు పది రోజులే ఆకు ఇవ్వడం మొదలుపెట్టారు. తంబాకు దుమ్ముకు ఆమెకు దగ్గు కూడా పట్టుకుంది. భర్త ఎంకయ్య మస్కట్ పోయి తొమ్మిదేళ్ళు. మొదటి రెండేళ్ళు పైసలు వచ్చాయి. మూడో ఏడు ఫోన్లు వచ్చాయి. తర్వాత ఏమీ రాలేదు. ఆయనతో పోయినవాళ్ళు సెలవు మీద వచ్చి, "ఉన్నడు, మంచిగనే ఉన్నడు" అని మాత్రం చెప్పిపోయారు.

"సచ్చిండంటె ఏడ్సి ఊకుందును మేడం. మంచిగున్నడంటె ఏం జేస్త?" అంది ఒకసారి. నా చేతిలో పుస్తకం ఉంది, దాన్ని మూసి పట్టుకున్నాను.

బిడ్డ సింధూజ పెండ్లయి మహమ్మద్‌నగర్‌లో ఉంటుంది. ఎల్లారెడ్డిలో రెండు గదుల ఇంట్లో గంగామణి ఒక్కతే. పొద్దున మొదటి బస్సెక్కి, ఆధార్ కార్డు చూపించి, కండక్టర్ ఇచ్చిన సున్నా టికెట్టును మడిచి గాజుల మధ్య దోపుకుని, గంటకు పైగా ప్రయాణం చేసి కామారెడ్డిలో దిగేది. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాకపోతే ఆమెకు ఈ ఆయా ఉద్యోగం కిట్టేది కాదు. ఆ మాట ఆమే చెప్పింది.

మా హోము దోమకొండ పోయే దారిలో ఊరు దాటాక ఉంటుంది. పేరు 'నిమ్మళం'. మందుల దుకాణం నడిపి నాలుగు డబ్బులు వెనకేసుకున్న చక్రధర్ దీన్ని పెట్టాడు. నేను ఇక్కడికి వచ్చి ఐదేళ్ళు. అంతకుముందు పంతొమ్మిదేళ్ళు ఎల్లారెడ్డి గ్రంథాలయంలో పనిచేశాను. ఆ గ్రంథాలయం వెనక సందులోనే గంగామణి ఇల్లు. పంతొమ్మిదేళ్ళూ కిటికీలోంచి ఆ సందు చూశాను. అరుగుల మీద చాటలు ఒళ్ళో పెట్టుకున్న ఆడవాళ్ళను చూశాను. వాళ్ళలో ఈమె ఏ అరుగు మీద కూర్చునేదో నాకు గుర్తు లేదు. ఆమెకూ నేను గుర్తు లేను. "ఆ బంగ్లల పుస్తకాలుంటయని ఎర్కే గానీ, లోపట మనుషులు గూడ ఉంటరని అనుకోలే," అని నవ్వింది.

ఆమె గుర్తుపట్టింది యాకూబును.

యాకూబు నా పక్క గది మనిషి. పక్షవాతంతో ఎడమ పక్క పూర్తిగా పోయింది. మాట కూడా పోయి, నాలుగైదు ముక్కలు మిగిలాయి. ఎల్లారెడ్డి బీడీ కార్ఖానాలో ముప్పై ఏళ్ళు ఆకు తూచి ఇచ్చిన గుమస్తా ఆయన. గంగామణి మొదటి రోజు ఆయన గదిలోకి గిన్నెలో జావ పట్టుకుని పోయి, ఒక్క అరుపు అరిచింది. నేను భయపడి లేచి వెళ్ళాను.

"నువ్వా బాపు! దేవుడా, నువ్వు నా చేతుల పడ్డవా?" అంటోంది నడుం మీద చెయ్యి వేసుకుని. "నన్ను ఎర్కవట్టినవా? కిలో ఆకు అని ముప్పావు కిలో తూచేటోనివి గద. గంగిని నేను! నీతోని లొల్లి పెట్టుకునే గంగిని!"

యాకూబు ఆమె ముఖం కేసి చాలాసేపు చూశాడు. నోరు ఒక పక్కకే కదిలింది.

"గం-గ," అన్నాడు.

గంగామణి గిన్నె కింద పెట్టేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడింది. తర్వాత ఎప్పుడో నాకు చెప్పింది: అమ్మానాయన పోయాక, ఎంకయ్య ఫోన్లు ఆగిపోయాక, ఆమెను గంగ అని పిలిచినవాళ్ళు లేరట. హోములో గంగామణి, బస్సులో అమ్మా, అల్లుడి ఇంట్లో సింధూజ తల్లి.

అప్పటి నుంచి రోజూ గోడ అవతల వాళ్ళ మాటలు వినడం నాకు అలవాటయింది. మాటలన్నీ ఆమెవే. "మింగు బాపు, మింగు. నా ఆకు మింగలేదా, గదే తీరు." "ఇటు మర్లు. మస్తు బరువున్నవు, కాంటా మీద ఏలు పెట్టినవా ఏంది?" మధ్యలో ఎప్పుడో ఒకసారి ఆయన గొంతు, "గంగ." నేను పేజీ తిప్పడం మరిచిపోయేదాన్ని.

పోయిన ఏడు వానాకాలంలో చక్రధర్ మమ్మల్నందరినీ భోజనాల హాల్లో కూర్చోబెట్టాడు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు మా మణికట్లకు తలా ఒక నల్ల రబ్బరు పట్టీ బిగించాడు. ఆయాల మెడల్లో కార్డులు వేశాడు. ఆయా ఎవరికైనా పని మొదలుపెట్టేముందు తన కార్డును వాళ్ళ పట్టీకి ఆనించాలి; టిక్కుమంటుంది. పని అయ్యాక మళ్ళీ ఆనించాలి. ఎవరికి ఎన్ని నిమిషాల సేవ జరిగిందో ఆఫీసులో అనిల అనే అమ్మాయి ముందున్న పలక లాంటి యంత్రంలో పడుతుంది. నెల చివర అదే బిల్లవుతుంది.

"ఇప్పటిదాంక అందరికీ పద్దెనిమిది వేలు," అన్నాడు చక్రధర్. "మంచం మీదున్నోళ్ళకు అంతే, నడిచి తిరిగేటోళ్ళకు అంతే. ఇది న్యాయమేనా? ఇప్పటి నుంచి గదికీ తిండికీ పద్నాలుగు. అండ్ల రోజుకు ఒక గంట సేవ ఫ్రీ. గంట దాటితే దాటినంతకు. ఎవరి పైసలు వాళ్ళవి. లైబ్రరీ మేడం, మీరు చెప్పుండ్రి. మీకు ఆయాతోని ఏం పనున్నది? ఒకరి సేవకు మీరెందుకు కట్టాలె?"

అందరూ నా వైపు చూశారు. చదువుకున్నదాన్ని కాబట్టి నా మాటకు విలువ ఉందని వాళ్ళ నమ్మకం. నాకు పెన్షను తప్ప వేరే ఆధారం లేదు, అది ఏటేటా చాలకుండా వస్తోంది. "న్యాయంగానే ఉంది," అన్నాను. ఆ మూలన చక్రాల కుర్చీలో యాకూబు ఉన్నాడు. ఆయన నా వైపు చూశాడో లేదో నేను చూడలేదు.

మొదటి నెల నా బిల్లు నాలుగు వేలు తగ్గింది. యాకూబుది ఇరవై ఆరు వేలయింది. ఆయనకు రోజుకు రెండు గంటలు పట్టేది. జావ తాగించడానికే అరగంట; తొందరపెడితే గొంతుకు అడ్డం పడుతుంది.

ఆయన కొడుకు సంపత్ ఎల్లారెడ్డిలో సామాన్ల ఆటో నడుపుతాడు. బిల్లు కాగితం పట్టుకుని మా వరండాలో నిలబడ్డాడు. గంగామణి తడిబట్టలు ఆరేస్తోంది. నేను నా కుర్చీలో ఉన్నాను.

"పద్దెనిమిదే గిట్ల అట్ల చేసి కడుతున్న అక్కా," అన్నాడు గంగామణితో. "ఇరవై ఆరు నాతోని కాదు. వచ్చే నెల తీస్కపోత."

"ఏడికి తీస్కపోతవు? ఆ మెట్ల మీది అర్రకా?"

"మరేం జెయ్యాలె?"

"నువ్వు పొద్దుగాల ఆటో ఎక్కితే మాపటికి దిగుతవు. నీ పెండ్లాం రైసుమిల్లుల. పోరగాండ్లు బడిల. బాపును ఏం జేస్తవు, తాళం పెడ్తవా?"

సంపత్ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నేను లేచి, నాకు మిగిలిన నాలుగు వేలు ప్రతి నెలా ఇస్తానన్నాను. అతను చేతులు జోడించాడు. "మీ దయ మేడం. కానీ నాలుగిస్తే ఇంకో నాలుగు ఏడికెల్లి తేవాలె?" ఆ ఇంకో నాలుగు కూడా కొన్నాళ్ళు నేను ఇవ్వగలిగేదాన్నేమో. ఆ మాట అనకుండా మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. ఎంత కాలం బతుకుతానో తెలియని మనిషికి డబ్బు మీద ఉండే భయం మంచిది కాదు. అయినా అది నాకుంది.

మర్నాడు మధ్యాహ్నం గంగామణి నా గదికి వచ్చి మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది.

"మేడం, మీ గంట ఏమైతున్నది?"

"ఏ గంట?"

"ఫ్రీ గంట. దినాం మిగిలే పోతున్నది గద. మీకు తానం మీరే జేస్తరు, బువ్వ మీరే తింటరు. ఆ గంట బాపుకు రాయొచ్చు గద."

నాకు అర్థం కాలేదు. ఆమె వివరించింది. కార్ఖానాలో అందరికీ పీఎఫ్ బుక్కు ఉండదు. బుక్కు లేని ఆడమనిషి చుట్టిన బీడీలు కంపెనీ తీసుకోదు. అందుకని బుక్కు ఉన్న పక్కింటామె పేరు మీద రాయిస్తారు. చుట్టేది ఒకరు, పేరు ఒకరిది. పైసలు వచ్చాక ఇంట్లో కూర్చుని పంచుకుంటారు. గంగామణికి బుక్కు రావడానికి ముందు తొమ్మిదేళ్ళు అట్లాగే వేరేవాళ్ళ పేరు మీద చుట్టింది. తనకు బుక్కు వచ్చాక ఇంకో ఇద్దరికి తన పేరు ఇచ్చింది. ఎల్లారెడ్డిలో అది దొంగతనమని ఎవరూ అనుకోరు.

"కంపెనీకి బీడీ మంచిగున్నదా లేదా, గంతే. ఎవరి ఏళ్ళు చుట్టినయో దానికెందుకు?" అంది. "బాపుకు రెండు గంటలు. ఒకటి ఆయన పట్టీకి, ఒకటి మీ పట్టీకి. ఎవరి పైసలు పోయినయి? మీ గంటకు మీరు కట్టిండ్రు. దాన్ని ఎవరన్న తాగితేంది, పారవోస్తేంది?"

నేను ఆలోచించాను. నిజానికి పెద్దగా ఆలోచించలేదు. ఆ హాల్లో "న్యాయంగానే ఉంది" అన్న నా గొంతు నాకు నెల రోజులుగా వినిపిస్తోంది. చెయ్యి చాపాను. ఆమె తన కార్డు ఆనించింది. టిక్కుమంది. లేచి పక్క గదిలోకి వెళ్ళింది.

అట్లా రెండున్నర నెలలు గడిచాయి. పొద్దున యాకూబుకు ఒళ్ళు తుడిచేది ఆయన పట్టీ మీద. జావ, మధ్యాహ్నం బువ్వ నా పట్టీ మీద. సాయంత్రం పక్క మార్చి నడుముకు నూనె రాసేది కాసేపు ఆయన మీద, కాసేపు నా మీద. నేను తలుపు దగ్గర కుర్చీ వేసుకుని చదువుకునేదాన్ని. ఆమె దాటిపోతూ నా చెయ్యి అందుకుని టిక్కుమనిపించి, తిరిగొస్తూ మళ్ళీ అందుకునేది. రోజుకు ఆరేడుసార్లు. ఆమె అరచెయ్యి గరుకుగా, ఎప్పుడూ కాస్త తడిగా ఉండేది. ఆ పట్టుకోవడం రెండు క్షణాల పనే. అనిల యంత్రంలో మాత్రం నాకు రోజుకు గంటసేపు ఎవరో అన్నం తినిపిస్తున్నారు, నడుముకు నూనె రాస్తున్నారు. నేను ఆ సంగతి తలుచుకుంటూ ఒక్కోరోజు పుస్తకం పక్కన పెట్టేసేదాన్ని. నన్ను అంతసేపు ఎవరైనా పట్టుకుని ఎన్నేళ్ళయిందో లెక్క వేయబోయి, వేయలేదు.

సంపత్ బిల్లు పద్నాలుగుకు దిగింది. "యంత్రానికి బుద్ధొచ్చింది," అని గంగామణి అతనికి చెప్పి పంపింది. అతను సీతాఫలాలు తెచ్చి అందరికీ పంచాడు.

మేమిద్దరం ఊహించనిది ఏమిటంటే, ఆ యంత్రం నిమిషాలు లెక్కపెట్టి ఊరుకోదు. నిమిషాలను బట్టి మనిషి ఎలా ఉన్నాడో కూడా చెబుతుంది. యాకూబు పేరు ఎదుట పచ్చ గీత పైకి పోతోంది: ఈయన కోలుకుంటున్నాడు, రెండు గంటల మనిషి గంట మనిషయ్యాడు. నా పేరు ఎదుట ఎర్ర గీత: ఈమె సొంతంగా తినేది, ఇప్పుడు తినిపించాల్సి వస్తోంది, త్వరగా దిగజారుతోంది, బంధువులకు కబురు చేయండి. అనిల నా దరఖాస్తు తీసి చూసింది. బంధువుల గడి ఖాళీగా ఉంది. ఎవరికి చేయాలో తెలియక చక్రధర్‌కే చేసింది.

అతను నిజామాబాదులో ఇంకో హోము పెట్టే పనిలో ఉన్నాడు. ఇక్కడికి రాక పదిహేను రోజులు దాటింది. ఆ సాయంత్రమే వచ్చాడు. డాక్టర్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. నిజంగా గాబరా పడ్డాడు పాపం. తలుపు తోసి చూసేసరికి నేను కుర్చీలో కాళ్ళు మడుచుకుని కూర్చుని చాయ్ తాగుతూ చదువుకుంటున్నాను.

"మేడం, మీరు... మంచిగనే ఉన్నరా?"

"బాగానే ఉన్నాను. ఏమైంది?"

అతను యంత్రం నా ముందు పెట్టాడు. ఎర్ర గీత చూపించాడు. నా గురించి రాసి ఉన్నదంతా చదివాను. అంత శ్రద్ధగా నా గురించి ఎవరూ ఎప్పుడూ రాయలేదు. నిజం చెబితే ఆ గంట యాకూబు మీద పడుతుంది. లేదంటే ఆ డాక్టరు నన్ను పరీక్ష చేస్తాడు, చెప్పక్కరలేకుండానే తెలిసిపోతుంది.

గంగామణి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో యాకూబు గిన్నె.

"మేడానికి ఏం కాలే సార్. నేనే రాసిన," అంది. "మేడం పేరు మీద బాపు పని."

చక్రధర్‌కు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నీకు ఎర్కేనా గంగామణీ? రేపు ఈ మేడానికి నిజంగనే ఏమన్న అయితే, యంత్రం చెప్పినా నేను నమ్మకపోదును. ఇటు ఆయనకు పానం మంచిగైందని డాక్టరు గోలీలు తగ్గిస్తుండె. అప్పుడేమైతుండె?"

ఆ మాట గంగామణికి తగిలింది. నాకూ తగిలింది. మేమది ఆలోచించలేదు. బీడీల బుక్కులో పేరు మారితే ఎవరి ప్రాణం మీదికీ రాదు.

"తప్పయింది సార్," అంది. "మరి బాపు గంట?"

"ఆయన గంట ఆయన మీదనే రాయాలె."

"సంపత్ కట్టలేడు సార్. తీస్కపోతడు."

చక్రధర్ ముఖం తుడుచుకున్నాడు. "నలుగురు ఆయాలున్న కాడ ఇద్దరితోని నడుపుతున్న. బ్యాంకోడు కిస్తీకి ఆగుతడా? పాత లెక్క వదిలేస్త, ఒక్క పైస అడగ. ఒకటో తారీకు నుంచి మాత్రం ఉన్నదున్నట్టు." నా వైపు తిరిగి, "మీరన్న చెప్పొద్దా మేడం? చదువుకున్నోళ్ళు," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

గంగామణిని పై అంతస్తుకు మార్చారు. ఒకటో తారీకు నాడు సంపత్ ఆటో వెనక పరుపు వేసుకుని వచ్చాడు. యాకూబును ఎత్తి పడుకోబెట్టారు. గంగామణి ఆయన తల కింద మడత పెట్టిన దుప్పటి దోపింది, కదలకుండా రెండు పక్కలా బట్టల మూటలు పెట్టింది. "నీ కాంటా గూడ తీస్కపోతున్నవా బాపు, ఏమన్న మర్సిపోయినవా?" అని పరాచికం ఆడబోయింది. మధ్యలో ఆపి మూటలు మళ్ళీ సర్దింది. ఆటో దోమకొండ రోడ్డు ఎక్కేదాకా ఇద్దరం గేటు దగ్గరే ఉన్నాం.

సంపత్ చెడ్డవాడు కాదు. మెట్ల మీది తన గదిలో పైన మూలకు చిన్న కెమెరా పెట్టించాడు. ఎక్కడున్నా ఫోనులో తండ్రి కనిపిస్తాడు. ఫోనులో మాట్లాడితే అక్కడ వినిపిస్తుంది కూడా. నెలకు డేటా ఖర్చు తప్ప ఇంకేం లేదు. ఆ బొమ్మ గంగామణి ఫోనులోకీ పెట్టించాడు. నేను అడిగితే నా ఫోనులో కూడా పెట్టాడు.

మధ్యాహ్నం బువ్వ తినే వేళ గంగామణి పైనుంచి దిగి నా గదికి వచ్చేది. ఇద్దరం ఫోను గోడకు ఆనించుకుని చూసేవాళ్ళం. పై నుంచి తీసిన బొమ్మ కాబట్టి యాకూబు చిన్నపిల్లవాడిలా కనిపించేవాడు. మంచం, కుడి చేతి పక్కన స్టూలు, స్టూలు మీద నీళ్ళ గ్లాసు, మూసిన తలుపు.

"బాపు! నీళ్ళు తాగినవా?" అని అరిచేది ఫోనులోకి. ఆయన కళ్ళు పైకప్పు మీద వెతికేవి. గొంతు ఎక్కడి నుంచి వస్తుందో ఆయనకు తెలిసేది కాదు. కుడి చెయ్యి లేచి, గాలిలో కాసేపు ఆగి, పడిపోయేది. "ఇటు సూడు బాపు, ఇటు, బల్లి దిక్కు!" అనేది. బల్లి నిజంగానే కెమెరా పక్కన ఉండేది.

కొన్నాళ్ళకు ఆమె తినడం తగ్గించింది. డబ్బా మూత తీయకుండా ఫోను చూసి, మూసుకుని పైకి పోయేది. నిమిషాలు రాసే పని మాత్రం ఉన్నదున్నట్టు చేసేది. పై అంతస్తులో అందరి గీతలూ సరిగ్గా ఉన్నాయని అనిల మెచ్చుకుంది.

మార్చి చివర్లో ఎండ ముదిరింది. ఆ రోజు పదకొండున్నరకే ఆమె నా గదికి వచ్చింది. ఫోను చేతిలో పట్టుకునే వచ్చింది. బొమ్మలో స్టూలు పక్కకు పడి ఉంది. గ్లాసు గోడ దాకా దొర్లిపోయింది. నేల మీద నీళ్ళ మరక అప్పటికే సగం ఆరింది. యాకూబు కుడి చెయ్యి మంచం పట్టె మీద కొట్టుకుంటోంది.

సంపత్‌కు ఫోను చేసింది. అతను లోడుతో బాన్సువాడలో ఉన్నాడు. "దించి రావాలంటే మూడైతది అక్కా. మిల్లుకు ఫోన్ చేసిన, మా ఆమెను పంపుతలేరు. తాళంచెవి గుమ్మం మీదనే ఉంటది, ఎవరన్న పోతే..." ఎవరూ లేరని అతనికీ తెలుసు.

గంగామణి ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "బాపు, వస్తున్న. గంగిని, వస్తున్న," అంది. మెడలోంచి కార్డు తీసి నా బల్ల మీద పెట్టింది.

"పైన చెప్పావా?" అన్నాను.

"చెప్తె ఆపుతరు మేడం." చెప్పులు వేసుకుంటూ ఒక్కసారి నా వైపు చూసింది. నన్ను రమ్మంటుందేమో అనుకున్నాను. "మీరు సూస్తుండుండ్రి," అంది. వెళ్ళిపోయింది.

నేను చూస్తూ కూర్చున్నాను. బస్టాండుకు పావుగంట, బస్సు దొరికితే గంటకు పైగా. ఫోనులో యాకూబు నాలుక బయటపెట్టి పెదవులు తడుపుకుంటున్నాడు. మాట్లాడే గుర్తు నొక్కాను. పక్క గోడ అవతల ఆయన రెండేళ్ళు ఉన్నాడు. నేను ఆయనతో మాట్లాడింది లేదు, విన్నదే తప్ప. ఇన్ని పుస్తకాలు చదివిన దాన్ని, ఒక దాహం వేసిన మనిషికి చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు.

"యాకూబు గారూ," అన్నాను చివరికి. "నేను లైబ్రరీ మేడాన్ని. పక్క గదిలో ఉండేదాన్ని."

ఆయన కళ్ళు వెతికాయి.

"గంగ వస్తోంది," అన్నాను. పది నిమిషాలకొకసారి అదే మాట అంటూ వచ్చాను. మొదట్లో చెయ్యి కదిలించేవాడు. తర్వాత కళ్ళు మాత్రమే కదిలాయి. తర్వాత మూసుకున్నాడు. గుండె మీద దుప్పటి పైకీ కిందికీ కదులుతోందా అని ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశాను. ఒకసారి బొమ్మ ఆగిపోయింది. చుక్క గుండ్రంగా తిరిగి, మళ్ళీ వచ్చింది. కదులుతోంది.

ఒంటిగంట దాటాక నేల మీద వెలుగు చీలింది. తలుపు తెరుచుకుంది. పై నుంచి గంగామణి పాపిడి కనిపించింది. చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చి, మంచం మీద కూర్చుని ఆయన తల ఒళ్ళోకి తీసుకుంది. గ్లాసుతో పట్టలేదు. వేళ్ళు నీళ్ళలో ముంచి పెదవుల మధ్య పిండింది. మళ్ళీ ముంచింది. చాలాసేపటికి ఆయన గొంతు కదిలింది.

అప్పుడు ఆమె తలెత్తి పైకి చూసింది. సూటిగా నన్నే చూసినట్టు ఉంది. ఆయన పక్కబట్టలు తడిసి ఉన్నాయి, వాటిని మార్చాలి. లేచి, దండెం మీది తువ్వాలు అందుకుని మంచం మీద ఎక్కి నిలబడింది. ఆమె ముఖం పెద్దదవుతూ దగ్గరికి వచ్చింది. తర్వాత బొమ్మ అంతా తువ్వాలు నేత అయిపోయింది. చప్పుడు మాత్రం వస్తోంది: బకెట్టు లాగిన చప్పుడు, గుడ్డ పిండిన చప్పుడు.

అనిల యంత్రం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"మేడం, గంగామణి కార్డు పదకొండున్నర సంది టిక్కుమంటలేదు. మీ రూం దిక్కు వచ్చిందన్నరు. పైన నలుగురికి భోజనం లేటైంది. ఏది ఆమె?"

కార్డు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాను.

"పనిలో ఉంది," అన్నాను.